సర్వే మీది, డ్రాఫ్ట్ మీది, పేరు మాత్రం మూడోది ఎందుకైంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. హైదరాబాద్‌లో జనాభా అధ్యయనాల్లో పీహెచ్‌డీ చేస్తున్నారు. వికారాబాద్ వైపు ఊళ్ళలో మీరే తిరిగి సేకరించిన సర్వే, దానికి తోడు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే డేటా, రెండూ శుభ్రం చేసి, టేబుళ్ళు తయారుచేసి, మొదటి డ్రాఫ్ట్ రాశారు. ఇప్పుడు మీ గైడ్ తన పేరు మొదట, స్టాటా అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో రిగ్రెషన్లు (గణాంక మోడళ్ళు) రన్ చేసిన మగ సహోద్యోగి పేరు రెండోది, మీ పేరు మూడోది పెట్టి జర్నల్‌కి పంపుదామంటున్నారు. ఇది మామూలేనా, ఆడవాళ్ళు ఇంతమంది ఉన్న రంగంలో కూడా ఇలా ఎందుకవుతుంది, గైడ్‌తో చెడకుండా ఏం చేయొచ్చు, పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలా అని అడిగారు.

మామూలే. అలాగని న్యాయం కాదు. నేను ఇదే ఊళ్ళో, ఇదే రంగంలో చాలా ఏళ్ళు సర్వేలు నడిపాను, పేపర్లు రాశాను, స్కాలర్లకు గైడ్‌గా ఉన్నాను. ఆ అనుభవంతో ఒక మాట చెప్తాను. పేరు మూడో స్థానానికి జారడం జర్నల్‌కి పంపే రోజున మొదలవదు. పని పంచుకున్న రోజునే, ఏది పరిశోధన, ఏది సాయం అని నోటిమాటగా తేల్చేసిన రోజునే అది మొదలవుతుంది. కాబట్టి పేర్ల వరుస గురించి మాట్లాడేముందు, మీరు చేసిన పనికి ఏం పేరు పెట్టారో చూడాలి.

ఫీల్డ్‌లో జరిగేదే తీసుకోండి. ఒకామె ఇంటి అరుగు మీద కూర్చుని ఉంటుంది, పక్కనే అత్త. మీరు ప్రసవాల చరిత్ర అడుగుతున్నారు. పుట్టిన పిల్లలు ఎందరు, ఇప్పుడు మీ దగ్గరున్నది ఎందరు, పుట్టి పోయినవాళ్ళు ఉన్నారా? ఆ చివరి ప్రశ్న దగ్గర ఆమె ఆగిపోతుంది. అత్తను మంచినీళ్ళకో చాయ్‌కో లోపలికి పంపి, కాస్త ఆగి మళ్ళీ అడిగితే గానీ "ఒక పిల్ల ఉండె" అన్న మాట బయటికి రాదు. ఏ నెలలో పుట్టిందంటే తేదీ చెప్పలేదు. బతుకమ్మ ఆడే రోజులా, బోనాలప్పుడా, పత్తి ఏరేటప్పుడా అని అడుగుతూ పోతే అప్పుడు ఒక నెల దొరుకుతుంది. ఆ నెల డేటా ఫైల్లోకి ఒక అంకెగా చేరుతుంది. ఈ సర్వేల్లో నెలలను 1900 జనవరి నుంచి వరుసగా లెక్కపెడతారు కదా, 2020 జనవరి అంటే 1441. ఆ పిల్ల పుట్టుక ఒక అంకె, చావు ఇంకో అంకె. శిశు మరణాల రేటు అని పేపర్లో వేసే టేబుల్ మొత్తం ఇలాంటి అంకెల మీదే నిలబడింది. అత్తను లోపలికి పంపాలని తట్టకపోతే ఆ పిల్ల లెక్కలోకే రాదు.

ఇప్పుడు డేటా శుభ్రం చేయడం సంగతి. అయిదేళ్ళలోపు పిల్లలు ఉంటే టీకాలు, పాలు, విరేచనాలు అంటూ ప్రశ్నాపత్రం పెద్దదవుతుంది. అందుకని అలసిపోయిన ఇన్వెస్టిగేటర్లు కొన్నిచోట్ల పుట్టిన తేదీని ఆ గడువుకి అవతలికి జరిపేస్తారు. అలాగే 49 ఏళ్ళామె వయసు 50 అని రాస్తే ఆమెను ఇంటర్వ్యూ చేసే పనే ఉండదు. ఇది మన దగ్గరే కాదు, ఇలాంటి సర్వేలు జరిగిన చాలా దేశాల్లో కనిపించిన విషయమే. ఏడాదివారీగా ప్రసవాలు గీసి చూస్తే గడువుకి లోపల ఒక గుంట, బయట ఒక ఉబ్బు తేలతాయి. దాన్ని పట్టుకోకుండా లెక్కేస్తే సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల లెక్క, ఉన్నదానికన్నా తక్కువగా వస్తుంది. మీరు "డేటా క్లీన్ చేశాను" అని ఒక్క ముక్కలో రాసిన పని ఇదే అయ్యుంటుంది. ఇది విశ్లేషణ. ఇది తెలియనివాడు ఎంత పెద్ద మోడల్ రన్ చేసినా వచ్చేది తప్పుడు జవాబే. అయినా మన సంస్థల్లో దీన్ని డేటా ఎంట్రీతో కలిపేసి, మోడల్ రన్ చేసినవాడిని మాత్రం "మెథడాలజీ చూసుకున్నాడు" అంటారు.

ఈ పంపకంలోనే ఆడ, మగ తేడా వచ్చి కూర్చుంటుంది. కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ళను ఆడవాళ్ళే ఇంటర్వ్యూ చేయాలన్నది నియమం, అది అవసరం కూడా. దాంతో ఫీల్డ్ అంటే ఆడపిల్లలు అన్న అలవాటు పడిపోయింది. మరోవైపు ఢిల్లీలో ఫలితాలు విడుదల చేసే మీటింగ్, ఫండింగ్ వాళ్ళతో మాటలు, సాయంత్రం ఆరు దాటాక గైడ్ గదిలో తేలే నిర్ణయాలు, ఇవి మగవాళ్ళ వైపు వెళ్ళిపోతాయి. ఎవరూ కుట్ర పన్నక్కర్లేదు. "రాత్రి ప్రయాణం నీకెందుకమ్మా, వాడు వెళ్ళొస్తాడులే" అన్న ప్రేమ మాట చాలు. నేను చేరిన కొత్తలో ఒక సంస్థలో ఇదే మాట మీద ఒక వర్క్‌షాప్‌కి నా బదులు ఇంకొకరు వెళ్ళారు, నేను కట్టిన టేబుళ్ళు ఆయనే ప్రజెంట్ చేశారు, తర్వాత వచ్చిన పేపర్లో ఆయన పేరు ముందుకొచ్చింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కాబట్టి మీరు రాసింది చదివి అతి చేస్తున్నారని నేను అనుకోలేదు.

ఇది ఒకరిద్దరి అనుభవం కాదని చూపించే పరిశోధనలు ఉన్నాయి. 2022లో నేచర్‌లో వచ్చిన ఒక అధ్యయనం అమెరికాలో దాదాపు పదివేల పరిశోధక బృందాల ఉద్యోగ రికార్డులను, ఆ బృందాల పేపర్లను పక్కపక్కన పెట్టి చూసింది. పేపర్లో పేరు ఉన్నవాళ్ళను మాత్రమే లెక్కపెడితే పేరు రానివాళ్ళు కనిపించరు కదా, అందుకే జీతాల రికార్డుల నుంచి మొదలుపెట్టారు. మగ సహోద్యోగులతో పోలిస్తే ఆడవాళ్ళ పేరు వ్యాసంలో కనపడే అవకాశం సుమారు 13 శాతం తక్కువ, పేటెంట్లలో 58 శాతం తక్కువ అని తేలింది. 2013లో ఇంకో లెక్క, 54 లక్షల పేపర్ల మీద చేసింది, ఆడవాళ్ళు మొదటి రచయితగా ఉన్న ప్రతి పేపర్‌కీ మగవాళ్ళు మొదటి రచయితగా ఉన్నవి దాదాపు రెండు ఉన్నాయని చూపించింది. జేస్టోర్ అనే పత్రికల డిజిటల్ భాండాగారంలోని 15 లక్షల పేపర్లు చూసిన మరో అధ్యయనంలో మగవాళ్ళు తమ పాత పేపర్లను తామే ఉదహరించుకోవడం ఆడవాళ్ళకన్నా 56 శాతం ఎక్కువ.

మీకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఆర్థికవేత్త హెదర్ సార్సన్స్ చేసిన పని. అమెరికా ఎకనామిక్స్ విభాగాల్లో ఎవరికి ఉద్యోగం పర్మనెంట్ అయిందో ఆమె చూశారు. ఒంటరిగా రాసిన పేపర్‌కి ఆడా మగా ఇద్దరికీ ఒకే విలువ దక్కింది. కలిసి రాసిన పేపర్‌కి, ముఖ్యంగా మగవాళ్ళతో కలిసి రాసినప్పుడు, ఆడవాళ్ళకు దక్కిన విలువ బాగా తగ్గిపోయింది. ఎకనామిక్స్‌లో పేర్లు అక్షర క్రమంలో వేస్తారు కాబట్టి ఎవరెంత చేశారో తెలియదు, తెలియనప్పుడు చదివేవాళ్ళు మగవాడే చేసుంటాడని ఊహించుకుంటారు. చేసిన పనిని బట్టి పేర్లు వేసే సోషియాలజీలో ఆ తేడా అంతగా కనపడలేదు. మన జనాభా పరిశోధన సరిగ్గా ఈ రెంటి మధ్యలో ఉంది, ఒక పేపర్ అక్షర క్రమంలో వస్తుంది, ఇంకోటి పనిని బట్టి, మూడోది హోదాని బట్టి. చదివేవాడికి ఏది ఏ పద్ధతో తెలియదు. ఆ సందులోనే మీ పని కనపడకుండా పోతుంది.

పాత కథ ఒకటి చెప్తాను, ఎందుకంటే అందులో ఉన్నావిడ మన రంగానికి చెందినావిడే. మనుషులు ఒక పరిస్థితిని నిజమని నమ్మితే దాని ఫలితాలు నిజంగానే జరుగుతాయి అన్న సూత్రం థామస్ థియరమ్ పేరుతో ప్రతి సోషియాలజీ క్లాసులోనూ చెప్తారు. అది 1928లో వచ్చిన ఒక పుస్తకంలోది. ఆ పుస్తకం మీద రెండు పేర్లు ఉన్నాయి, డబ్ల్యూ.ఐ. థామస్, డొరొతీ స్వేన్ థామస్. దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాలు మొదటి పేరే రాసి రెండోది వదిలేశాయి. ఆవిడ తర్వాత అమెరికా జనాభా పరిశోధకుల సంఘానికి అధ్యక్షురాలయ్యారు. ఆ వాక్యం ఆయనదేనని, తాను చేసింది గణాంకాల భాగమని ఆవిడే ఒక ఉత్తరంలో రాశారు, నిజమే. కానీ రెండో పేరు కొట్టేసిన వందలమందికి ఆ ఉత్తరం సంగతి తెలియదు. తెలిసి చేసింది కాదు, అలవాటుగా చేశారు.

ఇంకొకటి. పేరున్నవాడికే మరింత పేరు వస్తుందని చెప్పే మాథ్యూ ఎఫెక్ట్ వ్యాసం సోషియాలజిస్ట్ రాబర్ట్ మెర్టన్ 1968లో ఒక్క తన పేరుతో వేసుకున్నారు. దానికి ఆధారం నోబెల్ గ్రహీతలతో హ్యారియెట్ జుకర్‌మన్ చేసిన ఇంటర్వ్యూలు. 1973లో మెర్టనే రాశారు, ఆ వ్యాసం ఇద్దరి పేరుతో రావాల్సిందని. ఇంటర్వ్యూలు చేసిన మనిషి పేరు పోవడం మీ దగ్గర మొదలైంది కాదు.

"పేరుదేముందమ్మా, పరిశోధన ముఖ్యం" అనేవాళ్ళు మీకు తప్పకుండా తగులుతారు. పేరు ఎవరిదన్నది పరిశోధన ఏ ప్రశ్న అడుగుతుందో కూడా మార్చేస్తుంది, అందుకని ఆ మాటకు తల ఊపకండి. జనాభా పరిశోధకురాలు సుసాన్ కాట్స్ వాట్కిన్స్ 1993లో డెమోగ్రఫీ పత్రికలో ముప్ఫై ఏళ్ళపాటు వచ్చిన వ్యాసాలు ముందేసుకుని ఒక ప్రశ్న అడిగారు: ఆడవాళ్ళ గురించి మనకు తెలిసిందంతా ఈ పత్రిక చదివి తెలుసుకున్నదే అయితే ఏం తెలిసుండేది? పిల్లల్ని కనేవాళ్ళు, పెంచేవాళ్ళు అని తెలిసుండేది. మగవాళ్ళు దాదాపు కనిపించరు. మన దగ్గరా అంతే. 1992-93లో మొదటి కుటుంబ ఆరోగ్య సర్వే, 1998-99లో రెండోది, రెంటిలోనూ ఇంటర్వ్యూ చేసింది పెళ్ళైన ఆడవాళ్ళనే. మగవాళ్ళను కూర్చోబెట్టి అడగడం 2005-06లో మూడో సర్వేతో గానీ మొదలవలేదు. 2019-21 నాటి అయిదో సర్వేలో కుటుంబ నియంత్రణకి ఆడవాళ్ళ ఆపరేషన్ 37.9 శాతం, మగవాళ్ళ ఆపరేషన్ 0.3 శాతం. భార్య ఆపరేషన్‌కి ఎందుకు వెళ్ళింది అన్న వ్యాసాలు కుప్పలుగా ఉన్నాయి, భర్త ఎందుకు వెళ్ళలేదు అన్నవి వెతుక్కోవాలి.

ప్రశ్న అడిగేవాళ్ళు మారితే ఏమవుతుందో కూడా మన దేశంలోనే చూశాం. జనగణనలో ప్రతి వెయ్యిమంది మగవాళ్ళకు ఆడవాళ్ళు 1901లో 972 మంది ఉంటే 1971 నాటికి 930 మందికి పడిపోయారు. ఆ అంకెలు పుస్తకాల్లో అందరికీ అందుబాటులో ఉన్నవే. వాటిని దేశం ముందు ఒక ప్రశ్నగా నిలబెట్టింది మాత్రం 1974లో స్త్రీల స్థితిగతుల కమిటీ ఇచ్చిన నివేదిక, వీణా మజుందార్ దాని సభ్య కార్యదర్శి. ఆ తర్వాత 1987లో జనాభా పరిశోధకురాలు మోనికా దాస్ గుప్తా పంజాబ్ పల్లెల లెక్కలతో, ఇంట్లో అప్పటికే ఆడపిల్ల ఉండగా పుట్టిన ఆడపిల్లలకు చావు ముప్పు ఎంత ఎక్కువో చూపించారు. ఆడపిల్లలందరి మీదా ఒకేలా కాదు, ఎన్నో ఆడపిల్ల అన్నదాన్ని బట్టి అని. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా గౌరవం ఉన్న పేపర్లలో అదొకటి. పేరు దక్కినవాళ్ళకే తర్వాతి ప్రాజెక్టు దక్కుతుంది, తర్వాతి ప్రశ్న వాళ్ళే అడుగుతారు.

ఇక మీ పేపర్ సంగతి.

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ పెట్టిన నాలుగు షరతులు జనాభా, ఆరోగ్య పత్రికలు చాలావరకు పాటిస్తాయి. ఆలోచనలో గానీ, డేటా సేకరణ, విశ్లేషణ, వ్యాఖ్యానంలో గానీ గట్టి పాత్ర ఉండాలి. డ్రాఫ్ట్ రాయడమో, దాన్ని లోతుగా సవరించడమో చేయాలి. తుది ప్రతికి ఒప్పుకోవాలి. రేపు తప్పని తేలితే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. నాలుగూ ఉంటేనే రచయిత. నిధులు తేవడం ఒక్కటే, విభాగానికి పెద్దగా ఉండడం ఒక్కటే సరిపోదని అందులోనే స్పష్టంగా ఉంది. ఈ లెక్కన మీరు నూటికి నూరుపాళ్ళు రచయిత, వరుస మాత్రం ఆ నియమాలు చెప్పవు, అది రచయితలు మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే. మోడల్ రన్ చేసినతను డ్రాఫ్ట్ మీద కూడా పనిచేస్తే రచయితే, అతన్ని తీసేయమని అడగకండి, అది న్యాయం కాదు, గొడవ కూడా అనవసరంగా పక్కదారి పడుతుంది.

వరుస ఎందుకంత ముఖ్యమో మీ గైడ్‌కి తెలియక కాదు, కానీ మీకు తెలియాలి. 2018 యూజీసీ నిబంధనల లెక్కలో ఇద్దరు రచయితలైతే చెరో 70 శాతం మార్కులు. అంతకన్నా ఎక్కువమంది ఉంటే మొదటి లేదా ప్రధాన లేదా కరస్పాండింగ్ (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే) రచయితకు 70 శాతం, మిగతావాళ్ళకు ఒక్కొక్కరికి 30. అంటే మూడో పేరుగా మీకొచ్చేది 30. రేపు అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకి కావాల్సిన రీసెర్చ్ స్కోర్ లెక్కపెట్టేటప్పుడు ఆ తేడా మీదే పిలుపు ఆగిపోవచ్చు. మీ గైడ్ ఇప్పటికే ప్రొఫెసర్ అయితే ఆయనకు ఈ తేడాతో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

నేనైతే ఇలా చేస్తాను. ముందు వరుస మాటే ఎత్తను. పేపర్లో ఎవరు ఏం చేశారో ఒక పేజీ రాస్తాను. దీనికి క్రెడిట్ (CRediT) అనే పద్ధతి ఉంది, అందులో 14 పాత్రలు ఉంటాయి, ఆలోచన, డేటా నిర్వహణ, విశ్లేషణ, క్షేత్ర పరిశోధన, పద్ధతి, పర్యవేక్షణ, నిధులు, మొదటి డ్రాఫ్ట్, సవరణ, ఇలా. చాలా జర్నల్స్ సబ్మిషన్‌లోనే ఇది అడుగుతున్నాయి, కాబట్టి కొత్తగా పేచీ పెట్టినట్టు ఉండదు. ప్రతి పాత్ర ఎదురుగా పేర్లు వేయండి. గైడ్ పేరు వేయాల్సినచోట మొహమాటం లేకుండా, తక్కువ చేయకుండా వేయండి. మీ పని మాత్రం "డేటా క్లీనింగ్" అని రాయకండి, ప్రసవాల తేదీలు గడువుకి అవతలికి జరగడాన్ని గుర్తించి సరిచేయడం అని, వయసు దిద్దుబాట్లు అని, ప్రశ్నాపత్రాన్ని తెలుగులో తయారుచేయడం అని విడివిడిగా రాయండి. మీరు సరిచేయకముందు, చేశాక వచ్చిన రేట్లు రెండూ ఒక చిన్న టేబుల్‌గా పెడితే ఇంకా మంచిది, దాని మీద ఎవరూ వాదించలేరు.

తర్వాత మెయిల్‌లో, నోటితో కాదు, ఈ మాట రాయండి: "సర్, జర్నల్ కాంట్రిబ్యూషన్ స్టేట్‌మెంట్ అడుగుతుంది కాబట్టి ఒక ప్రతి తయారుచేశాను, మీరు చూసి సరిచేస్తారా? దీని ప్రకారం పేర్ల వరుస కూడా ఒకసారి మాట్లాడుకుందాం, ఇది నా థీసిస్ అధ్యాయం కాబట్టి మొదటి రచయితగా ఉండాలని నా కోరిక." అంతే. పక్షపాతం, ఆడ, మగ, ఆ మాటలేవీ మొదటి మెయిల్‌లో వద్దు. అవి నిజం కావని కాదు, ఆ మాట చూడగానే ఎదుటి మనిషి తన వ్యక్తిత్వాన్ని కాపాడుకునే పనిలో పడి పేపర్ సంగతి వదిలేస్తాడు. గైడ్‌కి కరస్పాండింగ్ రచయిత స్థానం, లేదా చివరి పేరు ఇస్తానంటే చాలామంది ఒప్పుకుంటారు. అయితే ఒక జాగ్రత్త, జర్నల్‌తో మాట్లాడేది కరస్పాండింగ్ రచయితే, కాబట్టి రివ్యూలు వచ్చినప్పుడల్లా మీకూ కాపీ పంపేలా ముందే అడిగి పెట్టుకోండి.

ఒప్పుకోకపోతే? మీ డాక్టోరల్ కమిటీలో ఒక్కరైనా వినే మనిషి ఉంటారు, వాళ్ళతో మాట్లాడండి. మీ సంతకం లేకుండా పేపర్ పంపకూడదని మాత్రం గట్టిగా ఉండండి. ఒకసారి పంపాక వరుస మార్చాలంటే రచయితలందరి ఒప్పుకోలు కావాలి, జర్నల్ ఎడిటర్లు తగాదా తీర్చరు, మీ సంస్థకే తిరిగి పంపిస్తారు. థీసిస్ ఇంకా ఆయన చేతిలో ఉందన్న భయం నాకు తెలుసు, ఆ టెన్షన్ చిన్నది కాదు. ఈ ఒక్క పేపర్‌లో రెండో పేరుకి సర్దుకుని, తర్వాతి రెండు పేపర్లలో మొదటి పేరు మీదేనని మెయిల్‌లో రాయించుకోవాల్సి వస్తే అది ఓటమి అనుకోకండి. మూడో పేరుకి మాత్రం ఒప్పుకోవద్దు.

ఊళ్ళలో మీతో తిరిగిన ఇన్వెస్టిగేటర్ల పేర్లు కృతజ్ఞతల్లో "ఫీల్డ్ టీమ్" అని కాకుండా, వాళ్ళను అడిగి, పేరుపేరునా వేయండి. రచయితలు కారు, కానీ మీకు జరిగిందే మీ చేతుల మీదుగా వాళ్ళకు జరగకూడదు.

పేరు మార్పు గురించి. మార్చకండి, కనీసం పేపర్ల మీద. ఆధార్‌లో, పాస్‌పోర్ట్‌లో మీ ఇష్టం, పేపర్ మీద మొదటి నుంచీ వాడిన పేరే వాడొచ్చు. మన తెలుగు పేర్లతో అసలే చిక్కు. ఇంటిపేరు ముందు, అది కూడా ఒక అక్షరంగా, అసలు పేరు తర్వాత. జర్నల్ ఫారం చివరి పేరే ఇంటిపేరు అనుకుని దాన్నే పట్టుకుంటుంది. ఒకే మనిషి కె. లక్ష్మిగా, లక్ష్మి కె.గా, పెళ్ళయ్యాక లక్ష్మి రెడ్డిగా మూడు చోట్ల తేలుతుంది, ఆమె పేపర్లను ఇతరులు ఉదహరించిన లెక్క మూడు ముక్కలవుతుంది. ఇంటిపేరు పూర్తిగా, అసలు పేరు పూర్తిగా, ఒకే స్పెల్లింగ్‌తో ఇప్పుడే నిర్ణయించుకుని ఆర్కిడ్ (ORCID) నంబర్ తీసుకోండి, అది పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య. 16 అంకెలు, ఉచితం, పేరు మారినా నంబర్ మారదు.

ఇంకో కారణం కూడా ఉంది. నేను పైన చెప్పినలాంటి పెద్ద లెక్కల్లో చాలావాటిలో రచయిత ఆడో మగో పేరు చూసి మెషిన్ తేలుస్తుంది. పొట్టి అక్షరాలు మాత్రమే ఉన్న పేరు లెక్కలోంచి పోతుంది. లక్ష్మీ నారాయణ అని విడదీసి రాస్తే మొదటి ముక్క చూసి ఆడమనిషి అనుకునే ప్రమాదం ఉంది, కిరణ్ ఇక్కడ మగవాడు, ఉత్తరాదిలో ఆడపిల్ల కూడా. అంటే మన దగ్గర ఆడవాళ్ళకు ఎంత దక్కుతోందో ఆ లెక్కలు సరిగ్గా చెప్పలేవు. మీరు పూర్తి పేరు రాస్తే కనీసం మీరు అందులో ఉంటారు.

కాంట్రిబ్యూషన్ పేజీ మొదటి ప్రతి రాసి, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, ఏ పని ఏ పాత్ర కింద వేయాలో చూసి చెప్తాను. ఏ జర్నల్ అనుకుంటున్నారో కూడా రాయండి, కొన్నిటిలో ఆ ఫారం సబ్మిషన్‌తోనే అడుగుతారు, కొన్నిటిలో అంగీకరించాక.